హమ్మింగ్ ఆగడానికి ఎర్త్ పిన్ను తీయమనడం సరికాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో కొద్ది వారాల క్రితం ఒక పాఠకుడు, గిటారుకు ఎఫెక్ట్ పెడళ్లు (ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే చిన్న పెట్టెలు) తగిలించినప్పటి నుంచి స్పీకరులో ఎడతెగకుండా గుమ్మని మోత వస్తోందని, దానికి ఉపాయం చెప్పమని అడిగారు. ఆ మరుసటి వారం మరొక పాఠకుడు సమాధానమిస్తూ, యాంప్లిఫయరు ప్లగ్గులోని పెద్ద పిన్నును, అంటే ఎర్త్ పిన్నును, తీసేస్తే మోత వెంటనే ఆగిపోతుందని, తాను ఏళ్ల తరబడి అలాగే వాయిస్తున్నానని రాశారు. ఆయన అబద్ధం చెప్పలేదు. చాలా సందర్భాల్లో పిన్ను తీస్తే మోత నిజంగానే ఆగుతుంది. అలా ఆగుతుంది కాబట్టే నేను ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. పనిచేయని సలహా అయితే ఎవరూ రెండోసారి పాటించరు, మరొకరికి చెప్పరు.

నేను రాజమహేంద్రవరంలో 22 ఏళ్లుగా గిటారు నేర్పుతున్నాను. అంతకు ముందు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణంలో పనిచేశాను. చర్చి ఆరాధనల్లోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకునే పిల్లలు మా దగ్గరకు వచ్చి చెప్పే ఫిర్యాదుల్లో మొదటిది వేళ్ల నొప్పి, రెండోది ఈ హమ్మింగ్. మొదటిదానికి కాలమే మందు. రెండోదానికి ఓపిక, వరస తప్పని వెతుకులాట కావాలి.

వెతకదలచినవారు మోతను ఆపే ప్రయత్నం కాసేపు పక్కన పెట్టి, ముందు దాన్ని శ్రద్ధగా వినాలి. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. చుట్టుపక్కల తీగల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి గిటారు పికప్, అంటే తంతుల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, గాలిలోంచే పట్టుకునే మోత ప్రధానంగా ఈ 50 మీద ఉంటుంది. అదే కరెంటును డి.సి.గా మార్చే ఎలిమినేటరులో వడపోత సరిగా లేకపోతే వచ్చే మోత దానికి రెట్టింపు, అంటే 100 మీద ఉంటుంది. దీన్ని గుర్తు పట్టడానికి మీటరు అక్కరలేదు, చేతిలో గిటారు ఉంటే చాలు. శ్రుతి సరిగా ఉన్న గిటారులో లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం సుమారు 98. మోత 100 మీద ఉంటే ఆ రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు అలలాగా ఊగుతాయి. మోత 50 మీద ఉంటే అదే స్వరం కింది స్థాయిలో ఉన్నట్టు వినిపిస్తుంది. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులు కాబట్టి అక్కడివారు చెప్పే గుర్తులు మన ఇళ్లలో సరిపోవు. వాళ్ల 120 మన మూడో మెట్టు దగ్గర దొరకదు. అక్కడి పాఠాలు చూసి ఇక్కడ వెతికే పిల్లలు మొదట తికమకపడేది ఈ విషయంలోనే.

ఇవి కాక ఇంకో రెండు గొంతులు ఉన్నాయి. జర్రుమని గరుకుగా వినిపిస్తే అది చాలావరకు ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరో, లైట్ల డిమ్మరో, చదరపు తరంగాన్నిచ్చే పాతరకం ఇన్వర్టరో అయి ఉంటుంది. సన్నగా కీచుమంటే డిజిటల్ పెడలును అనుమానించాలి. క్రిస్మస్ రోజుల్లో చర్చి వేదిక చుట్టూ కట్టే సీరియల్ సెట్లు వెలిగి ఆరుతుంటే ఆ లయకే గిటారులో జర్రుమనడం వినని వాయిద్యకారుడు మా ఊళ్లో ఉండడు.

నిరుడు వేసవిలో మా విద్యార్థి ఒకరి ఇంట్లో ఈ వెతుకులాట మూడు సాయంత్రాలు సాగింది. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మోతకు కారణం ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసేసినప్పుడల్లా మోత తగ్గిందే గాని పూర్తిగా పోలేదు. ఇలాంటి చోటనే మనుషులు విసుగుపడి ప్లగ్గు మీద పడతారు. నిజానికి మేము వెళ్లేసరికి ఆ అబ్బాయి తండ్రిగారు పడనే పడ్డారు. యాంప్లిఫయరు ప్లగ్గు విప్పి, అందులోని ఆకుపచ్చ తీగను ఊడదీసి, దానికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచారు. మేము చేసిన మొదటి పని ఆ తీగను తిరిగి పెద్ద పిన్నుకు బిగించడం. మోత తిరిగి వచ్చింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మొదటి సాయంత్రం యాంప్లిఫయరుకు ఏమీ తగిలించకుండా ఒంటరిగా నడిపి చూశాము. వాల్యూమ్ పూర్తిగా పెంచినా సన్నని గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. అంటే యాంప్లిఫయరు లోపలి వడపోత కెపాసిటర్లు బాగున్నాయి. ఇక్కడే మోత వినిపించి ఉంటే అన్వేషణ అక్కడితో ఆపి పెట్టెను మెకానిక్ దగ్గరకు పంపేవాణ్ని. వాల్వు యాంప్లిఫయర్ల లోపల 300 వోల్టులకు పైబడిన డి.సి. ఉంటుంది, స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది, కాబట్టి తెలియనివారు మూత తీయకూడదు. తరువాత పెడళ్లేవీ లేకుండా గిటారును ఒకే కేబులుతో నేరుగా తగిలించాము. మోత మొదలైంది. గిటారు పట్టుకుని కుర్చీలో కూర్చున్నచోటే నెమ్మదిగా తిరగమన్నాను. ఒక దిక్కుకు తిరిగినప్పుడు పెద్దదై, మరో దిక్కుకు తిరిగేసరికి దాదాపు మాయమైంది. ఇలా దిక్కును బట్టి మారే మోత తీగల్లోంచి రాదు. గాలిలోని అయస్కాంత క్షేత్రం నుంచి పికప్‌లోకి దిగుతుంది. దాని మూలం గోడకు ఆనించి ఉన్న ఇన్వర్టరులోని ట్రాన్స్‌ఫార్మరు. కుర్చీని గదికి అవతలి మూలకు జరిపితే సరిపోయింది.

ఇక్కడ పికప్ గురించి ఒక మాట చెప్పాలి. ఒకే చుట్ట ఉన్న పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. ఆ తీగకు గిటారు తంతి కదలికకూ, ఇన్వర్టరు మోతకూ తేడా తెలియదు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో దీనికి పేటెంట్ అర్జీ పెట్టాడు: రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, తీగ చుట్టే దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ రెండోదానిలో తిరగేస్తే, తంతి శబ్దం రెండింటిలోనూ కలిసి పెరుగుతుంది, బయటి మోత మాత్రం ఒకదానికొకటి ఎదురై రద్దవుతుంది. మోతను ఎదిరించేది కాబట్టే దానికి హమ్‌బకర్ అని పేరు. మా విద్యార్థి గిటారులో మూడూ ఒంటి చుట్ట పికప్‌లే, కాని మధ్యది తిరగేసి చుట్టినది కావడం వల్ల పికప్‌లను ఎంచుకునే స్విచ్‌ను, మధ్యదీ పక్కదీ కలిసి పనిచేసే రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెడితే మోత తగ్గుతోంది. ఈ సంగతి చాలామంది వాయిద్యకారులకు తెలియకుండానే చేతికి అలవాటై ఉంటుంది.

తంతులను చేత్తో తాకితే జర్రుమనే శబ్దం తగ్గితే కంగారుపడనవసరం లేదు. మన శరీరం ఏంటెనా లాగా పట్టుకునే అలజడిని తంతుల ద్వారా గ్రౌండుకు పంపుతోందన్నమాట. అలా కాక తాకినప్పుడు చేతికి జివ్వుమని తగిలితే మాత్రం ఆ క్షణమే గిటారు దించి, యాంప్లిఫయరు ప్లగ్గును గోడ దగ్గర తీసేయాలి. కారణం ఏమిటన్నది ఆ తరువాత ఆలోచించవచ్చు.

రెండో సాయంత్రం పెడళ్ల పని పట్టాము. అయిదు పెడళ్లకూ కలిపి ఒకే ఎలిమినేటరు, దాని నుంచి పూలదండలాగా వెళ్లే ఒకే తీగ. ఆ ఎలిమినేటరు మీద 9 వోల్టులని రాసి ఉంది. లోడు లేకుండా మీటరు పెట్టి చూస్తే 12 దాటింది. అంటే లోపల రెగ్యులేటరు లేదు, వడపోత కూడా అంతంతమాత్రమే. ఓవర్‌డ్రైవ్ పెడలుకు మాత్రం ఆ తీగ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాము. మోత సగానికి పైగా చచ్చిపోయింది. ఈ బ్యాటరీ పరీక్షకు ఖర్చు ఏమీ లేదు, కాని దీన్ని చేయకుండానే వేల రూపాయలు పోసి కొత్త పెడళ్లు కొన్నవారు నాకు తెలుసు. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ పెడళ్లు చిన్న శబ్దాన్ని వంద రెట్లు పెంచగలవు. వాటి ముందు ఏ మోత ఉన్నా అదీ వంద రెట్లవుతుంది. అందువల్ల దోషం మరెక్కడో ఉన్నా నేరం తరచు ఓవర్‌డ్రైవ్ మీద పడుతుంది. టేపురికార్డరు కోసం కొన్న పాత ఎలిమినేటర్లను పెడళ్లకు తగిలించేవారు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. పెడళ్లలో ఎక్కువ వాటికి జాక్ నడుమ ఉండేది నెగెటివ్. అది తారుమారైతే వచ్చేది మోత కాదు, పొగ.

ప్రతిధ్వనినిచ్చే డిలే పెడలు డిజిటల్‌ది. దాన్ని దండలోంచి తీసి వేరే ఎలిమినేటరుకు తగిలించగానే సన్నని కీచు దాదాపు ఆగింది. వా పెడలుది ఇంకో కథ. అందులో ఒక చిన్న ఇండక్టరు ఉంటుంది, అది కూడా తీగ చుట్టే. పికప్ లాగే అదీ పక్కనున్న ఎలిమినేటరు ట్రాన్స్‌ఫార్మరు మోతను పట్టుకుంటోంది. రెండింటినీ రెండడుగులు ఎడం చేయడంతో ఆ గొడవ తీరింది. మిగిలిన పెడళ్లను ఒక్కొక్కటిగా కలుపుతూ వచ్చాము. నాలుగోది చేర్చగానే మళ్లీ పెద్ద మోత. పెడలు మంచిదే, దానికి తగిలించిన జానెడు కేబులే చెడ్డది. జాక్ విప్పి చూస్తే పై అల్లిక తీగ టంకం ఊడి ఒక్క పోగు మీద వేలాడుతోంది. పై అల్లిక తెగిన కేబులు ఏంటెనాతో సమానం. వాయిద్యం కేబులును చేత్తో వంచి, మెలితిప్పి చూడడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. నేను ఆ రోజు దాన్ని చివర చేశాను, తప్పు నాదే. ఫ్యాను రెగ్యులేటరు సంగతి ఆ అబ్బాయే కనిపెట్టాడు. ఫ్యాను మూడో నంబరు మీద తిరిగితే జర్రుమంటోంది, పూర్తి వేగంలో తగ్గుతోంది. వాయించేటప్పుడు ఫ్యాను అయిదు మీద ఉంచుకోవాలన్నది మా ఒప్పందం.

ఇంత చేశాక గిటారు, పెడళ్లు, యాంప్లిఫయరు ప్రశాంతంగా ఉన్నాయి. అప్పుడు ఆ అబ్బాయి రికార్డింగు కోసం యాంప్లిఫయరు నుంచి ల్యాప్‌టాప్‌కు కేబులు తగిలించాడు. గుమ్మని గది నిండా మోత. యాంప్లిఫయరు ప్లగ్గు మేడగది బోర్డులో ఉంది, ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జరు పక్క హాలు బోర్డులో ఉంది. ఛార్జరు తీసేస్తే మోత లేదు, పెడితే ఉంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. రెండు పరికరాలూ వేర్వేరు చోట్ల ఎర్త్‌కు తగిలి ఉన్నాయి, వాటి మధ్య ఆడియో కేబులు పై అల్లిక మూడో దారిగా చేరింది. ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఏ కాస్త వోల్టేజి తేడా ఉన్నా, మట్టం తేడా ఉన్న రెండు కాలువలను కలిపిన బోదెలో నీరు పారినట్టు, ఆ అల్లికలో కరెంటు పారుతుంది. సంకేతం తిరిగి వెళ్లే దారి కూడా అదే కాబట్టి ఆ కరెంటు మోతగా వినిపిస్తుంది. పిన్ను తీస్తే మోత ఎందుకు ఆగుతుందో మీ పాఠకునికి ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. లూప్ తెగుతుంది. దానితో పాటు యాంప్లిఫయరుకు ఉన్న ఒక్క రక్షణ కూడా తెగుతుంది.

అయితే ఆ ఇంట్లో తేడా మామూలుగా ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది. మూడో సాయంత్రం కింద నీళ్ల మోటారు వేయగానే మేడ మీద మోత రెట్టింపైంది, మోటారు కట్టగానే తగ్గింది. గిటారుతో ఏ సంబంధమూ లేని మోటారు ఎర్త్‌లోకి ఎలా వచ్చింది? వైర్‌మన్‌ను పిలిపించి మేడగది బోర్డు విప్పించాము. సాకెట్ వెనక ఎర్త్ రంధ్రానికి ఎర్త్ తీగ లేనే లేదు. దాని బదులు ఒక చిన్న తీగముక్కతో దాన్ని న్యూట్రల్‌కు కలిపేశారు. ఇల్లు కట్టినప్పుడు మేడగదికి ఎర్త్ తీగ లాగడానికి బద్ధకించిన పని అది. టెస్ట్ బల్బు పెట్టి చూసినా చక్కగా వెలుగుతుంది, అనుమానం రాదు. మోటారుకూ మేడగదికీ న్యూట్రల్ ఒకటే కాబట్టి మోటారు లాగే కరెంటు వల్ల ఆ తీగ మీద పడే వోల్టేజి నేరుగా యాంప్లిఫయరు ఇనుప పెట్టెకు, అక్కడి నుంచి కేబులుకు, అక్కడి నుంచి గిటారు తంతులకు చేరుతోంది. ఆ న్యూట్రల్ తీగ ఏనాడైనా మధ్యలో తెగి ఉంటే తంతుల మీదకు 230 వోల్టులూ వచ్చేవి. తండ్రిగారు ఎర్త్ తీగ ఊడదీయడం వల్ల తనకు తెలియకుండానే ఒక ప్రమాదం తప్పించి, ఇంకొకటి తెచ్చిపెట్టుకున్నారు. కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను వెంటనే తెంపే ఆర్‌సీసీబీ కూడా ఆ ఇంట్లో లేదు. మోత మీద విసుగుతో ప్లగ్గుతోనే సరిపెట్టుకుని ఉంటే ఆ తీగముక్క అక్కడే ఉండిపోయేది.

ఎర్త్ లేని పెట్టె వల్ల ఏమవుతుందో సంగీత చరిత్రలోనే రాసి ఉంది. స్టోన్ ది క్రోస్ బృందంలోని గిటారు వాయిద్యకారుడు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్‌సీలో వేదిక మీద, సరిగా ఎర్త్ లేని మైకు పట్టుకుని విద్యుదాఘాతంతో చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మే నెలలో తన ఇంట్లోనే, ఎర్త్ సరిగా లేని గిటారు వాయిస్తూ చనిపోయాడు. వేదిక మీద వాయిద్యకారుడికి చేతుల్లో తంతులు, పెదవుల దగ్గర మైకు. తంతులు ఒక పెట్టెకు, మైకు ఇంకో పెట్టెకు చేరి ఉంటాయి. రెండింటిలో ఒకదానికి ఎర్త్ పోయి, లోపల ఫేజ్ తీగ ఇనుమును తాకితే, కరెంటు ఛాతీ మీదుగానే వెళ్తుంది. నాకే ఒకసారి ఒక ఫంక్షన్ హాలులో పాటకు ముందు మైకు దగ్గరకు వంగితే పెదవి చురుక్కుమంది. మైక్ సెట్ వాళ్ల జంక్షన్ బాక్సు తిరగేసి చూస్తే ప్లగ్గుకు పెద్ద పిన్నే లేదు. అడిగితే, హమ్మింగ్ వస్తుందని తీసేశామన్నారు.

గ్రౌండ్ లూప్‌కు మందు లేకపోలేదు. వీలైతే అన్ని పరికరాలనూ మంచి ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి నడపాలి. చర్చి హాలులో వేదిక ఒక చోట, మిక్సరు వెనక గోడ దగ్గర ఉండి, అది కుదరనప్పుడు మధ్యలో డి.ఐ. బాక్సు (వాయిద్యం సంకేతాన్ని మిక్సరుకు అనువుగా మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి. అది తెంపేది ఆడియో కేబులులోని గ్రౌండును మాత్రమే, కరెంటు ప్లగ్గులోని ఎర్త్‌ను కాదు. ఈ తేడా తెలియకపోవడమే మీ పాఠకుని సలహాకు మూలమని నా అనుమానం. ల్యాప్‌టాప్ వంటివాటికి ఒకటికి ఒకటి నిష్పత్తి గల ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చిన్న పెట్టె సరిపోతుంది. సంకేతం దానిలో అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, తీగ మాత్రం కలవదు. నాయిస్ గేట్ పెడలు కొనమని చెప్పేవారు ఉన్నారు. అది వాయించనప్పుడు తలుపు మూస్తుందే గాని, వాయిస్తున్నప్పుడు మోత స్వరం కింద అలాగే ఉంటుంది.

శాస్త్రీయ కచేరీల్లో ఈ సమస్య ఇంకా సూక్ష్మమైనది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక సంగీతం వాయించి చూపించిన తరువాత కచేరీ వేదిక మీద పికప్ వింత కాకుండా పోయింది. శ్రుతి నిరంతరం మోగే చోట 100 మీద నిలిచిన మోత, ఎవరూ పెట్టని ఇంకో శ్రుతి లాంటిది. వాయిద్యకారుడు ఎంచుకున్న షడ్జంతో అది కలవకపోతే, ఎందుకో తెలియకుండానే శ్రోత ఇబ్బందిపడతాడు.

ఎర్త్ గొయ్యి సంగతి కూడా చెప్పాలి. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్త్ గొట్టం చుట్టూ తడి ఉంటేనే అది పనిచేస్తుంది. మా వైపు మే నెల ఎండలకు ఆ మట్టి బిగిసి ఎండిపోతుంది. ఆ విద్యార్థి ఇంట్లో వైర్‌మన్ మేడగదికి కొత్త ఎర్త్ తీగ లాగి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి, గోతిలో నాలుగు బిందెల నీళ్లు పోయించాడు. తరువాత మోటారు వేసి, ఛార్జరు పెట్టి, యాంప్లిఫయరు మూడు పిన్నులతోనే నడిపితే లూప్ మోత దాదాపు వినపడలేదు. డిలేను బాగా పెంచితే మాత్రం సన్నని కీచు ఇప్పటికీ కాస్త మిగిలే ఉంది. దాన్ని నేను ఇంకా పట్టుకోలేదు.

పిన్ను తీయమన్న సలహాకు సవరణను అదే శీర్షికలో, అంతే కనిపించేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ సలహా చదివి ఈసరికే ప్లగ్గు విప్పినవారు ఉంటే, ఆకుపచ్చ తీగను తిరిగి పెద్ద పిన్నుకు బిగించేదాకా ఆ గిటారును ముట్టవద్దని నా మనవి.

భవదీయుడు,
ఒక గిటారు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం